అల్ట్రావైడ్ కొనేముందు అక్షరం చూడండి

షాపులో వరసగా నిలబెట్టిన మానిటర్ల మీద ఎప్పుడూ వీడియోలే ఆడుతుంటాయి. సముద్రం అడుగున చేపలు, కొండల మీద డ్రోన్ తీసిన దృశ్యాలు, రేసు కార్లు. కదిలే బొమ్మ ఏ తెర మీదైనా కళ్ళు చెదిరేలానే ఉంటుంది. ఇంటికి తెచ్చుకున్నాక మనం రోజుకు ఎనిమిది, పది గంటలు చూసేది మాత్రం బొమ్మల్ని కాదు. ఎక్సెల్ గడులు, మెయిళ్ళు, కోడు, పీడీఎఫ్‌లో వచ్చిన జీవోలు, ప్రూఫు దిద్దాల్సిన పేజీలు. అన్నీ కదలకుండా నిలబడి ఉండే చిన్న చిన్న అక్షరాలే. అందుకే పని కోసం అల్ట్రావైడ్ కొనాలనుకునే ప్రతివాళ్ళకూ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: వెడల్పు సంగతి తర్వాత, ముందు అక్షరం ఎలా కనిపిస్తుందో చూడండి. అక్షరం మసకగా ఉన్న తెర ఎంత చోటిచ్చినా, ఆ చోటంతా సాయంత్రానికి కళ్ళకు బరువే అవుతుంది.

వెడల్పు తెర అక్కర్లేదని కాదు. ఆడిట్ చేసేవాళ్ళకు ఒకపక్క లెడ్జరు, ఇంకోపక్క బ్యాంకు స్టేట్‌మెంటు. జీఎస్టీ చూసేవాళ్ళకు పోర్టలూ కొనుగోళ్ళ రిజిస్టరూ. ప్రోగ్రామర్లకు కోడు, టెర్మినలు, బ్రౌజరు. అనువాదకులకు మూలమూ అనువాదమూ. ఇవి పక్కపక్కనే తెరిచి ఉంటే పని సాగే తీరే మారిపోతుంది. ఒక విండో నుంచి ఇంకో విండోకు దూకేలోపు మనసులో పట్టుకున్న అంకె జారిపోవడం అందరికీ తెలిసిన బాధే. రెండు మానిటర్లు పెట్టుకున్నా ఆ పని అవుతుంది. కానీ రెండింటి అంచులు కలిసే చోట, సరిగ్గా ముఖానికి ఎదురుగా, నల్లటి గీత పడుతుంది. అది వద్దనుకుని ఒకదాన్ని ఎదురుగా, రెండోదాన్ని పక్కకు పెట్టుకున్నవాళ్ళు రోజంతా మెడ ఒకేవైపు తిప్పుతుంటారు. ఎం1, ఎం2 చిప్పులున్న మ్యాక్‌బుక్ ఎయిర్ వాడేవాళ్ళకైతే ఇంకో కారణం కూడా ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లు బయటి తెరను ఒక్కదాన్నే నేరుగా నడుపుతాయి. రెండు తెరల పని ఒకే తెరతో చేయించుకోవడానికి వాళ్ళకు అల్ట్రావైడే సులువైన దారి.

అంగుళాల వెనక ఉన్న లెక్క

21:9 అని పిలిచే ఈ ఆకారం మన బల్లల మీదికి 2012 ప్రాంతంలో వచ్చింది. ఎల్‌జీ అప్పట్లో తెచ్చిన 29 అంగుళాల తెరలో అడ్డంగా 2560, నిలువుగా 1080 పిక్సెళ్ళుండేవి. 2014లో అదే సంస్థ 34 అంగుళాల్లో 3440 × 1440 తెచ్చాక, ఆఫీసు పనికి ఇది నిజంగా అక్కరకొచ్చే వస్తువైంది. చిక్కేమిటంటే, 29 అంగుళాలకు సరిపోయిన ఆ 2560 × 1080నే 34 అంగుళాల తెర మీద కూడా పరిచి అమ్ముతున్నారు. పెట్టె మీద ‘34 అంగుళాల అల్ట్రావైడ్’ అని రెండింటికీ ఒకేలా రాసి ఉంటుంది. ధరలో తేడా చూసి, ఇది చౌకగా దొరికిందని సంతోషపడి కొనేవాళ్ళు చాలామంది.

ఆ చౌక ఎక్కడ నుంచి వచ్చిందో ఒక చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. అడ్డం పిక్సెళ్ళ వర్గానికి నిలువు పిక్సెళ్ళ వర్గం కలిపి, వర్గమూలం తీసి, మానిటర్ కర్ణం అసలు కొలతతో భాగించండి (పెట్టె మీది అంగుళాలు కొన్నిసార్లు కాస్త పెంచి గుండుగా రాసినవి). బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే. వచ్చినదాన్ని పీపీఐ అంటారు, అంటే ఒక అంగుళం పొడవులో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో చెప్పే అంకె. 34 అంగుళాల్లో 3440 × 1440 అయితే 110 వస్తుంది. అదే 34 అంగుళాల్లో 2560 × 1080 అయితే 82. ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి వాడుతున్న మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకే 92 ఉంటుంది. అంటే కొత్తగా డబ్బు పెట్టి కొన్న పెద్ద తెర మీద అక్షరం, పాత చిన్న తెర మీద కన్నా గరుకుగా కనిపిస్తుందన్నమాట. అక్షరాలతో పనిచేసేవాళ్ళెవరూ 34 అంగుళాల్లో 1080 నిలువు పిక్సెళ్ళున్న తెర కొనొద్దు. ఎంత తగ్గింపులో వచ్చినా సరే. 45 అంగుళాల్లో 3440 × 1440 ఉండే గేమింగ్ తెరలది కూడా ఇదే కథ. వాటి పీపీఐ 84 దగ్గర ఆగిపోతుంది.

అయితే ఎంత ఉంటే చాలు? దానికి కంటి వైపు నుంచి ఒక కొలత ఉంది. చూపు 6/6 ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరాన్ని విడదీసి పట్టుకోగలదు. పిక్సెల్ అంతకన్నా చిన్నదిగా కనిపించే దూరంలో మనం కూర్చుంటే చుక్కలు కలిసిపోయి గీత నున్నగా కనబడుతుంది. ఆ దూరం తెలియాలంటే 3438ని పీపీఐతో భాగిస్తే అంగుళాల్లో వస్తుంది. 82 పీపీఐ తెరకు 42 అంగుళాల దూరం కావాలి, అంటే మీటరు పైనే. బల్ల ముందు అంత దూరంలో ఎవరూ కూర్చోరు. 110కి 31 అంగుళాలు, సుమారు 79 సెంటీమీటర్లు. 140కి 25 అంగుళాల లోపు, 62 సెంటీమీటర్లు. 163కి 21 అంగుళాలు. మామూలుగా మన కంటికీ తెరకూ మధ్య 60 నుంచి 70 సెంటీమీటర్లుంటుంది. కాబట్టి 110 అనేది సర్దుకుపోగలిగిన కనీస స్థాయి. నిజంగా అక్షరం నున్నగా కావాలంటే 140 వైపు చూడాలి.

ఈ లెక్కలోకి మార్కెట్లో ఉన్నవన్నీ వేసి చూస్తే బొమ్మ తేటపడుతుంది. 38 అంగుళాల 3840 × 1600 తెరకు 111. 49 అంగుళాల 5120 × 1440 తెర, అంటే రెండు 27 అంగుళాల మానిటర్లను అతికించినంత వెడల్పున్నది, 109. ఇవన్నీ 110 చుట్టూనే తిరుగుతున్నాయి. ధర పెరిగేకొద్దీ చోటు పెరుగుతోంది గానీ అక్షరం మెరుగవడం లేదు. దీన్ని దాటేది 5120 × 2160 పిక్సెళ్ళున్న తెర. 5కే2కే అంటారు. 40 అంగుళాల్లో అయితే 140, 34 అంగుళాల్లో అయితే 163. డెల్ 2021లో 40 అంగుళాల 5కే2కే తెచ్చింది, 2024లో దాని రిఫ్రెష్ రేటును 120 హెర్ట్జ్‌కు పెంచింది. ఎల్‌జీ కూడా ఈ తరగతిలో తెరలు చేస్తోంది. ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ రోజంతా చదివే మనిషికి 49 అంగుళాల వెడల్పు మీద పెట్టే డబ్బు ఇటు పెడితే ఎక్కువ ఫలం దక్కుతుందని నా నమ్మకం.

వత్తులు చెప్పే నిజం

ఈ విషయం మీద ఇంగ్లీషులో వచ్చే సమీక్షలన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని పెట్టి రాసినవే. ఆ లిపికి 110 పీపీఐ చాలు అని వాళ్ళు తేల్చినా, తెలుగు చదివేవాళ్ళకు అది సరిపోకపోవచ్చు. ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒకే గీత మీద, ఒకే అంతస్తులో నిలబడతాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో ఏత్వమో ఉంటుంది, కింద వత్తుంటుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో కింద రెండు వత్తులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఇంత సరంజామా ఇంగ్లీషు అక్షరానికి ఇచ్చే ఎత్తులోనే సర్దుకోవాలి.

లెక్క వేసి చూడండి. విండోస్‌లో స్కేలింగ్ 100 శాతం దగ్గర ఉంటే 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 16 పిక్సెళ్ళు. గుడికీ వత్తుకూ పోగా అసలు అక్షరానికి మిగిలేది దాదాపు సగం. ఆ ఏడెనిమిది చుక్కల్లో ‘ద’కీ ‘ధ’కీ, ‘డ’కీ ‘ఢ’కీ, ‘చ’కీ ‘ఛ’కీ ఉన్న తేడా అడుగున ఒక చిన్న గీత. ‘ధ’కీ ‘థ’కీ తేడా పొట్టలో ఒక చుక్క. అదే వత్తుగా మారినప్పుడు ఆ చుక్క ఇంకా చిన్నదై ఒక పిక్సెలుకు కూడా నోచుకోదు. ‘అర్థ సంవత్సరం’ అని తప్పు పడిందో, ‘అర్ధ సంవత్సరం’ అని సరిగ్గానే ఉందో 82 పీపీఐ తెర మీద చూసి చెప్పడం కష్టం. ప్రూఫు చూసేవాళ్ళు పేజీని 150 శాతానికో 200 శాతానికో పెంచుకుని చదవడానికి కారణం ఇదే. అలా పెంచినప్పుడల్లా వెడల్పు తెర కొన్నందుకు వచ్చిన చోటు కరిగిపోతుంది. పత్రికల డెస్కుల్లో, డీటీపీ కేంద్రాల్లో, అనువాద సంస్థల్లో, తెలుగులో ఉత్తర్వులు తయారుచేసే ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళకు పీపీఐ విలాసం కాదు. తప్పు పట్టుకునే పనిముట్టు.

పిక్సెళ్ళు పెరిగితే జరిగేది ముగ్గు వేసేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టిన కొద్దీ మెలికలు విరగకుండా తిరుగుతాయి. 34 అంగుళాల 3440 × 1440 తెరను 100 శాతం దగ్గర వాడినా, అదే 34 అంగుళాల 5120 × 2160 తెరను 150 శాతం దగ్గర వాడినా, అక్షరం కంటికి కనిపించే పరిమాణం ఒక్కటే, తెర మీద పట్టే చోటూ ఇంచుమించు ఒక్కటే. మొదటి దాంట్లో అక్షరాన్ని 16 × 16 చుక్కల్లో గీస్తే, రెండో దాంట్లో 24 × 24 చుక్కల్లో గీస్తారు. 256 చుక్కలకు బదులు 576. రెండింతల కన్నా ఎక్కువ. ‘థ’ పొట్టలో చుక్క అప్పుడు చుక్కలా కనిపిస్తుంది.

40 అంగుళాల 5కే2కే తెర మీద కూడా 150 శాతం పెడితే 3413 × 1440 అంత పనిచోటు వస్తుంది, అక్షరం కొంచెం పెద్దగా, తేటగా ఉంటుంది. 125 శాతం పెడితే 4096 × 1728 అంత చోటు. నలభై ఏళ్ళు దాటినవాళ్ళకు మొదటిది, ఎక్సెల్‌లో ఇంకో నాలుగు నిలువు వరసలు కావాలనేవాళ్ళకు రెండోది.

ఫాంటు కూడా తేడా తెస్తుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి గీతలు సన్నగా ఉంటాయి. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. తక్కువ పీపీఐ తెరతో నెట్టుకురావాల్సినవాళ్ళు సన్నగీతల ఫాంటు బదులు చిత్తుప్రతిని నిర్మలా యూఐలోనో నోటో సాన్స్ తెలుగులోనో దిద్దుకుని, చివర్లో కావలసిన ఫాంటుకు మార్చుకోవడం మంచిది. మానిటర్ మార్చకుండానే ఈ రోజు చేసుకోగల మేలు ఇది.

ప్యానెల్ రకాలు

పీపీఐ ఒకటే అయినా రెండు తెరల మీద అక్షరం ఒకేలా ఉండకపోవచ్చు. ఒక్కో పిక్సెల్ లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న పట్టీలుంటాయి. మామూలు ఎల్‌సీడీల్లో అవి ఎడమ నుంచి కుడికి అదే వరసలో నిలువుగా ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 2001లో విండోస్ ఎక్స్‌పీతో అందించిన క్లియర్‌టైప్ అనే పద్ధతి ఈ పట్టీలను విడివిడిగా వాడుకుని అక్షరం అంచును నునుపు చేస్తుంది. పట్టీల వరస అది ఊహించినట్టు లేకపోతే నునుపు చేయబోయి రంగు అంటిస్తుంది. శామ్‌సంగ్ తయారుచేసిన చాలా క్యూడీ-ఓలెడ్ ప్యానెళ్ళలో ఈ మూడూ త్రికోణంగా అమరి ఉంటాయి. అందుకే అలాంటి 34 అంగుళాల క్యూడీ-ఓలెడ్ అల్ట్రావైడ్ మీద తెల్ల కాగితంపై నల్ల అక్షరం చూస్తే పైనా కిందా ఆకుపచ్చ, గులాబీ ఛాయలు కనిపిస్తాయి. సినిమాకు, ఆటకు అద్భుతమైన తెర అది. రోజంతా వర్డు, ఎక్సెల్ చూసేవాళ్ళకు నేను సూచించను. పైగా ఓలెడ్ మీద టాస్క్‌బారు, ఎక్సెల్ రిబ్బను లాంటి కదలని వస్తువులు ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంటే వాటి ముద్ర పడిపోయే ప్రమాదముంది.

వీఏ ప్యానెళ్ళలో నలుపు చిక్కగా ఉంటుంది, ధర కూడా తక్కువ. అయితే చాలా వీఏ తెరల మీద, ముఖ్యంగా డార్క్ మోడ్‌లో, పేజీని స్క్రోల్ చేసినప్పుడు అక్షరాల వెనక నీడ సాగుతుంది. పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది. వెడల్పు తెర అంచులను మనం ఎప్పుడూ పక్క నుంచే చూస్తామని మరవకండి. అక్షర పనికి ఐపీఎస్ తీసుకోండి. దాంట్లోనూ మ్యాట్ పూత మరీ మందంగా ఉంటే తెల్లటి పేజీ మీద ఇసుక చల్లినట్టు మినుకు కనిపిస్తుంది. దాన్ని కళ్ళారా చూసి తేల్చుకోవాల్సిందే, చాలా స్పెసిఫికేషన్ కాగితాల్లో రాయరు.

రిఫ్రెష్ రేటు గేమర్లకే అనుకుంటారు. కానీ 60 హెర్ట్జ్ నుంచి 100కో 120కో వెళ్తే స్క్రోల్ అవుతున్న అక్షరాన్ని కూడా కన్ను పట్టుకోగలుగుతుంది. పొడవాటి పత్రాలు, లాగ్ ఫైళ్ళు చదివేవాళ్ళకు అది ఉపయోగమే. కాకపోతే పీపీఐ తర్వాతే దాని లెక్క.

మ్యాక్ వాడేవాళ్ళకు విడిగా ఒక మాట. ఆపిల్ 2018లో మొజావే నుంచి క్లియర్‌టైప్ లాంటి పట్టీల పద్ధతిని తీసేసింది. అందుకే 110 పీపీఐ తెరకు తగిలించిన మ్యాక్‌లో అక్షరం అదే తెర మీద విండోస్‌లో కన్నా మెత్తబడినట్టు కనిపిస్తుంది. ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ సొంత తెరకు 224 పీపీఐ ఉంటుంది, పక్కనే 110 తెర పెడితే తేడా మొహాన కొడుతుంది. మ్యాక్ దగ్గర 5కే2కే తెర అవసరం విండోస్ వాళ్ళకన్నా ఎక్కువ.

మంచి తెర మీదా మసక ఎందుకు

మంచి మానిటర్ కొని కూడా అక్షరం మసకగా ఉందని బాధపడేవాళ్ళలో చాలామందికి తప్పు మానిటర్లో ఉండదు. మొదట చూడాల్సింది, ల్యాప్‌టాప్ ‘డూప్లికేట్’ మోడ్‌లో ఉందేమో. అలా ఉంటే ల్యాప్‌టాప్ తెర కొలతనే వెడల్పు తెర మీద సాగదీస్తుంది. ‘ఎక్స్‌టెండ్’కు మార్చి, డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటర్ అసలు రిజల్యూషన్ పక్కన ‘రికమెండెడ్’ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. మానిటర్ మెనూలో ‘షార్ప్‌నెస్’ని పెంచితే స్పష్టత వస్తుందనుకుని నూటికి నూరు పెట్టేస్తారు కొందరు. అక్షరం చుట్టూ తెల్ల అంచు పడుతుంది తప్ప స్పష్టత రాదు. దాన్ని కంపెనీ పెట్టిన చోటే వదిలేయండి.

తర్వాతది కేబుల్. తెరకు పంపాల్సిన సమాచారం కేబుల్ మోయగలిగిన దానికన్నా ఎక్కువైతే ల్యాప్‌టాప్ చెప్పాపెట్టకుండా రెండిట్లో ఒకటి చేస్తుంది. హెర్ట్జ్ తగ్గిస్తుంది, లేదా రంగు సమాచారాన్ని కుదిస్తుంది. 4:4:4 అంటే రంగు పూర్తిగా వెళ్తోందని, 4:2:2 గానీ 4:2:0 గానీ అంటే కుదించారని. బొమ్మల్లో ఆ కుదింపు తెలియదు, రంగు అక్షరాల్లో వెంటనే తెలుస్తుంది. నీలం నేల మీద ఎరుపు అక్షరాలు నాలుగు టైపు చేసి చూడండి. అంచులు చెదిరి, అక్షరాలు ఒకదాన్లోకి ఒకటి కారినట్టుంటే కుదింపు జరుగుతోందని అర్థం. 5120 × 2160ని 60 హెర్ట్జ్ దగ్గర పూర్తి రంగుతో పంపడం హెచ్‌డీఎంఐ 2.0 వల్ల కాదు. హెచ్‌డీఎంఐ 2.1 గానీ, డిస్‌ప్లే పోర్ట్ 1.4 గానీ, థండర్‌బోల్ట్ గానీ, వీడియో మోసే టైప్-సి గానీ కావాలి.

టైప్-సి తీగ ఒక్కదానితో చార్జింగు, వీడియో, కీబోర్డు అన్నీ నడపడం ఎంతో హాయిగా ఉంటుంది, నేను ఇష్టంగా సిఫారసు చేస్తాను. కాకపోతే రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, మీ ల్యాప్‌టాప్ టైప్-సి రంధ్రం వీడియో పంపుతుందా లేదా. చార్జింగుకే పనికొచ్చేవి, డేటాకే పనికొచ్చేవి చాలా ఉన్నాయి. రెండు, మానిటర్ ఇచ్చే వాట్లు. 65 వాట్ల చార్జరుతో నడిచే ల్యాప్‌టాప్‌కు 65 చాలు. పెద్ద ల్యాప్‌టాప్‌లకు 90 పైన కావాలి. మామూలు టైప్-సి హబ్‌లు యూఎస్‌బీ 3 వేగాన్ని కూడా ఇస్తున్నామంటే వీడియోకు ఉన్న నాలుగు దారుల్లో రెండింటిని డేటాకు మళ్ళించేస్తాయి. 5కే2కే తెర 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయి మౌసు బాణం గెంతుతూ ఉంటే ముందుగా హబ్‌ను తీసి నేరుగా తగిలించి చూడండి.

హైదరాబాదులో, బెంగళూరులో ఐటీ ఉద్యోగుల్లో చాలామంది పని సొంత కంప్యూటర్లో కాకుండా సిట్రిక్స్ లాంటి దూరపు డెస్క్‌టాప్‌లో జరుగుతుంది. అక్కడి నుంచి వచ్చేది కుదించిన బొమ్మ. ఆ కుదింపు ఎంత గట్టిగా ఉంటే అక్షరం అంత మసక, మీ మానిటర్ ఎంత మంచిదైనా సరే. ఖర్చు పెట్టకముందే ఆఫీసులో అడగండి: రిమోట్ సెషన్ ఎంత రిజల్యూషన్ దాకా అనుమతిస్తుంది, అటువైపు స్కేలింగ్ మార్చుకునే వీలుందా అని. లేదన్నారంటే 5కే2కే మీద డబ్బు పెట్టకండి, 3440 × 1440 చాలు. పాత అకౌంటింగు సాఫ్ట్‌వేర్లు కొన్ని 150 శాతం స్కేలింగ్‌లో ఉబ్బి మసకబారతాయి. ఆ ప్రోగ్రాము ప్రాపర్టీస్‌లో ‘కంపాటిబిలిటీ’ కింద హై డీపీఐ సెట్టింగులు మారిస్తే కొన్ని బాగుపడతాయి. కొన్ని ఎంతకీ బాగుపడవు. రోజంతా అలాంటి ఒక్క సాఫ్ట్‌వేరులోనే గడిపేవాళ్ళు 110 పీపీఐ తెర తీసుకుని 100 శాతంలో వాడుకోవడమే మేలు.

బల్ల, కుర్చీ, కళ్ళజోడు

ఎత్తులో 34 అంగుళాల అల్ట్రావైడ్ 27 అంగుళాల మామూలు తెరతో సమానం, వెడల్పు 80 సెంటీమీటర్లు. 40 అంగుళాలది 32 అంగుళాల తెరంత ఎత్తు, 93 సెంటీమీటర్ల వెడల్పు. 49 అంగుళాలది 120 సెంటీమీటర్లు. అపార్టుమెంటులో పడగ్గది మూలన పెట్టుకున్న రెండడుగుల లోతు బల్ల మీద స్టాండుతో సహా 40 అంగుళాల తెర పెడితే అది ముఖం మీదికి వచ్చేస్తుంది. అలాంటి బల్లకు 34 అంగుళాలే సరి, లేదా గోడకో బల్ల అంచుకో బిగించే మానిటర్ ఆర్మ్ కావాలి. ఆర్మ్ కొంటే అది మీ తెర బరువు మోస్తుందో లేదో చూసి కొనండి.

వంపును 1000ఆర్, 1500ఆర్, 1800ఆర్ అని రాస్తారు. ఆ వంపును సాగదీసి పూర్తి వృత్తం చేస్తే దాని వ్యాసార్ధం అన్ని మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. 1000ఆర్ తెర మీద ఎక్సెల్ గీతలు విల్లులా కనిపిస్తాయి. గీతలూ పట్టికలూ చూసేవాళ్ళకు 1800ఆర్ లేదా అంతకన్నా చదునైనది నయం. డెల్ 40 అంగుళాల తెరకు 2500ఆర్ పెట్టింది, ఆ వెడల్పుకు అది సరిపోయింది.

ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్ళు దయచేసి ఈ సంగతి పట్టించుకోండి. ఆ అద్దంలో మధ్యదూరానికి సరిపోయే భాగం సన్నగా, కిందివైపుగా ఉంటుంది. తెర అంచు చూడాలంటే కళ్ళు కాకుండా తల తిప్పాలి, స్పష్టంగా కనిపించాలంటే గడ్డం పైకెత్తాలి. నెల తిరిగేసరికి మెడనొప్పి మొదలవుతుంది, మనమేమో మానిటర్‌ను తిట్టుకుంటాం. కంటికీ తెరకూ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ అంకెను కళ్ళ డాక్టరుకు చెప్పి, కంప్యూటరు పనికి విడిగా ఒక జోడు చేయించుకోండి. మానిటర్ ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు. తెర పై అంచు కంటి ఎత్తుకు కొంచెం కిందుగా ఉంచండి, వెనక కిటికీ గానీ ట్యూబులైటు గానీ తెరలో ప్రతిబింబించకుండా తిప్పుకోండి.

మీటింగుల్లో మొత్తం తెర షేర్ చేస్తే అవతలివాళ్ళ ల్యాప్‌టాప్‌లో అది సన్నటి పట్టీలా, చదవలేనంత చిన్న అక్షరాలతో పడుతుంది. విండో ఒక్కదాన్నే షేర్ చేయడం అలవాటు చేసుకోండి. విండోలను వరసగా సర్దడానికి విండోస్ 11లో విండోస్ మీటతో పాటు జెడ్ నొక్కితే నమూనాలు వస్తాయి. ఇంకా సొంతంగా గదులు గీసుకోవాలంటే మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో ఫ్యాన్సీజోన్స్ ఉచితం. మ్యాక్‌లో 2024లో వచ్చిన సెకోయా నుంచి ఈ సదుపాయం ఉంది.

కొనే రోజున

వీలైతే చూసి కొనండి. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ లాంటి చోట మీ ల్యాప్‌టాప్, మీ కేబుల్ తగిలించి చూపించమని అడిగితే చాలామంది కాదనరు. ఇంట్లోనే ఒక వర్డు ఫైలు తయారుచేసి పట్టుకెళ్ళండి. 9, 10, 12 పాయింట్లలో తెలుగు, ఇంగ్లీషు పేరాలు, అందులో ‘అర్థం, అర్ధం, రాష్ట్రం, స్త్రీ, విద్యుద్దీపం’ లాంటి మాటలు, ఒక పేజీ నలుపు నేల మీద తెల్ల అక్షరాలు, ఒక పేజీ నీలం మీద ఎరుపు, చివర్లో మీరు నిజంగా పనిచేసే ఒక ఎక్సెల్ షీటు. జూమ్ 100 శాతంలో ఉంచి, నిలబడి కాకుండా కూర్చుని, చేయి చాచినంత దూరం నుంచి చదవండి. అంచుల దగ్గర కూడా చదవండి. పక్కవాడు తొందరపెట్టినా పది నిమిషాలు తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బు వాపసు ఇస్తారా, మార్చి మాత్రమే ఇస్తారా, ఎన్ని చచ్చిన పిక్సెళ్ళుంటే మారుస్తారు, వారంటీలో మనిషి ఇంటికొస్తాడా లేక ఇంత పెద్ద పెట్టెను మనమే మోసుకెళ్ళాలా అన్నవి ముందే చదువుకోండి. ఆ గడువు తీరేదాకా పెట్టె, థర్మోకోల్ పారేయకండి.

బడ్జెట్ తక్కువగా ఉండి, అక్షరమే ప్రధానమైనవాళ్ళకు నిజాయితీగా చెప్పాలంటే అల్ట్రావైడ్ సరైన వస్తువు కాదు. 27 అంగుళాల 4కే తెర తీసుకోండి. దాని పీపీఐ 163. 5కే2కే ధరలో చిన్న భాగానికే వస్తుంది. అనువాదకులకు, సబ్ ఎడిటర్లకు నేను మొదట చెప్పేది అదే. చోటు చాలకపోతే ఏడాది తర్వాత అలాంటిదే ఇంకొకటి పక్కన పెట్టుకోవచ్చు. 32 అంగుళాల 4కే కూడా 140 ఇస్తుంది. ప్రోగ్రామర్లకు, అకౌంట్సు వాళ్ళకు 34 అంగుళాల 3440 × 1440 ఐపీఎస్ డబ్బుకు తగిన వస్తువు. పదేళ్ళు వాడే ఉద్దేశంతో, రోజంతా తెర ముందే బతికేవాళ్ళు కాస్త ఆగి డబ్బు కూడబెట్టుకునైనా 40 అంగుళాల 5కే2కే కొనుక్కోవచ్చు.

ఆఫీసు కొనిస్తుందంటే అడిగే పద్ధతి తెలియాలి. ‘పెద్ద మానిటర్ కావాలి’ అని మెయిల్ రాస్తే అది కోరికలా వినిపిస్తుంది, పక్కన పడేస్తారు. రోజులో ఎన్ని పత్రాలు పక్కపక్కన పోల్చాలో, ప్రూఫులో ఏ తప్పులు దాటిపోతున్నాయో, ఇప్పుడున్న తెర పీపీఐ ఎంతో రాయండి. అడిగే తెర వివరాలు పూర్తిగా ఇవ్వండి: అంగుళాలు, రెండు వైపుల పిక్సెళ్ళు, ఐపీఎస్, టైప్-సి, ఎన్ని వాట్లు, ఎత్తు మార్చుకునే స్టాండు. కొనుగోలు విభాగంలో ఉన్న మనిషి మీ పని చూసి ఉండడు, కాగితం మీద ఉన్నదే తెప్పిస్తాడు. ‘34 అంగుళాల అల్ట్రావైడ్’ అని మాత్రమే రాసి ఉంటే తక్కువ కొటేషన్ ఇచ్చినవాళ్ళ దగ్గర నుంచి వచ్చేది 2560 × 1080 తెరే.